డిస్కులతో పాటు మన కాగితాలూ అమ్ముడవుతున్నాయి
భీమవరం, పాలకొల్లు వైపు నెట్ సెంటర్లు, ఆఫీసులు మూలపడ్డ కంప్యూటర్లను హార్డ్ డిస్కులు సరిగా చెరపకుండానే అమ్మేస్తున్నాయి. ఫార్మాట్ కొట్టాం కదా అంటారు. ఒక సెకండ్ హ్యాండ్ షాపులో అలా ఫార్మాట్ కొట్టిన డిస్కుకే కుర్రాడు ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే ఎవరెవరివో ఆధార్ కాపీలు, పట్టాదారు పాసుపుస్తకాలు, రొయ్యల చెరువుల లీజు కాగితాలు వరసగా బయటికొచ్చాయి, ఎందుకంటే డిలీట్ చేసినా క్విక్ ఫార్మాట్ చేసినా పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే, అసలు డేటా దాని మీద ఇంకోటి రాసేదాకా అక్కడే ఉంటుంది. డిస్కును సరిగా చెరపడం పెద్ద ఖర్చూ కాదు. మామూలు హార్డ్ డిస్కు మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాయిస్తే చాలు (35 సార్లు రాయాలన్నది పాతకాలపు మాట), చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీ రకం డిస్కుకి మాత్రం అది సరిపోదు, దాన్ని పూర్తిగా చెరపడానికి కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి, అసలు పనిచేయని డిస్కునైతే లోపలి పళ్లేలతో సహా పగలగొట్టాలి. 2023లో డేటా రక్షణ చట్టం చేసుకున్నాం, బాగానే ఉంది, కానీ ముందు ప్రభుత్వ ఆఫీసుల్లో పాత కంప్యూటర్ల వేలానికి డిస్కు నంబరు వేసి, చెరిపినవాళ్లు సంతకం పెట్టిన కాగితం తప్పనిసరి చేయాలి, నెట్ సెంటర్లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు మునిసిపాలిటీలు కూడా ఇదే షరతు పెట్టాలి.
- ఒక పాఠకుడు, భీమవరం