నీవు పంపిన 23 పేజీల గురించి

విజయవాడ

చి.ల.సౌ. అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

నీవు వాట్సాప్‌లో పంపిన నా చిన్నారి మనవరాలి నోటుపుస్తకం ఫొటోలు, మొత్తం 23 పేజీలు, అందాయి. "తప్పులు దిద్ది పంపు నాన్నా, పుట్టినరోజుకు అచ్చు వేయించి ఇద్దాం" అన్నావు. 34 ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడిని కనుక ఆ పని నాకు అప్పగించడం సహజమే. కానీ రెండు రోజులు ఎర్రకలం పట్టుకుని కూర్చున్నాక, ఈ పని నేను చేయకూడదని తేల్చుకున్నాను. ఫోనులో చెబితే నీవు మధ్యలో అడ్డు వస్తావు, నేనూ విషయం వదిలి మరొకటి మాట్లాడతాను. అందుకే ఈ ఉత్తరం.

అమెరికాలో మీరు ఉండే ఒరెగాన్‌లోనే, పోర్ట్‌లాండ్ నుంచి దక్షిణంగా రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో, కాటేజ్ గ్రోవ్ అనే ఊరుంది. నీవు అక్కడికి వెళ్ళిన కొత్తలో ఆ రాష్ట్రం గురించి ఏదైనా చదువుదామని నెట్‌లో వెతుకుతుంటే, ఆ ఊరి పరిసరాల్లో కలప కోసే కుటుంబాల మధ్య పెరిగిన ఓపల్ వైట్లీ అనే అమ్మాయి డైరీ నా కంటపడింది. 1897లో పుట్టిన ఆ పిల్ల ఆరేడేళ్ళ వయసులో వ్రాసుకున్నదిగా చెప్పే ఆ డైరీ 1920లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ధారావాహికగా వచ్చి, ఆ ఏడాదే పుస్తకమైంది. నూరేళ్ళు దాటినా దానిని వెతుక్కుని చదివేవాళ్ళు ఇంకా ఉన్నారు.

అది అచ్చుకు వచ్చిన తీరు వింటే నా వృత్తిలో ఉన్న ఎవరికైనా చేతులు దురద పెడతాయి. 1919లో ఓపల్ తాను వ్రాసిన మరో పుస్తకం పట్టుకుని బోస్టన్‌లోని ఆ పత్రిక కార్యాలయానికి వెళ్ళింది. సంపాదకుడు ఎలరీ సెడ్జ్‌విక్ ఆ పుస్తకం సంగతి పక్కన పెట్టి, చిన్నప్పుడు డైరీ ఏమైనా వ్రాశావా అని అడిగాడట. వ్రాశాననీ, అది ముక్కలు ముక్కలుగా చినిగిపోయిందనీ చెప్పి ఆ పిల్ల ఏడ్చింది. ఆ ముక్కలు పారేయకుండా పెట్టెల్లో దాచుకుంది కనుక వాటిని తెప్పించారు. పొట్లాల కాగితాల మీద, కవర్ల వెనుక, రంగు పెన్సిళ్ళతో, అన్నీ పెద్దక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ అన్నది లేకుండా వ్రాసిన ఆ ముక్కలను ఆమె నెలల తరబడి కూర్చుని ఒకదానికొకటి అతికింది. విరామచిహ్నాలు పత్రికవారు పెట్టారు, స్పెల్లింగులు చాలావరకు సరిచేశారు. వాక్యం నడకను మాత్రం ఆమె నడిచినట్టే ఉంచారు. ఇంగ్లీషు మాస్టారు ఎవరైనా చూస్తే పేజీ మొత్తం ఎర్రబడే ఆ నడకే ఆ పుస్తకానికి ప్రాణం.

ఇక అందులో ఏముందంటావా? ఒక కాకి ఉంది, దాని పేరు లార్స్ పోర్సెనా, రోము చరిత్రలోని ఒక రాజు పేరు. అడవి ఎలుక పేరు థామస్ చాటర్టన్ జూపిటర్ జియస్. కుక్క బ్రేవ్ హొరేషియస్, పంది పీటర్ పాల్ రూబెన్స్, ముసలి గుర్రం విలియం షేక్‌స్పియర్. ఒక దేవదారు జాతి చెట్టుకు మైకెలాంజిలో, రఫాయెల్ అనే ఇద్దరు చిత్రకారుల పేర్లు కలిపి పెట్టింది. చందమామ, కాకమ్మ, నక్కబావ, కోతిబావ అంటూ పెరిగిన మనకు జంతువును చుట్టరికంతో పిలవడం వింతేమీ కాదు. నాకు ముచ్చట కలిగించింది ఆ పేర్ల బరువు. కాకికి చిన్నపిల్ల పెట్టే ముద్దుపేరు పెట్టకుండా, నిండు సభలో పిలిచినట్టు పూర్తి పేరుతో పిలిచింది.

మనం పాఠ్యపుస్తకాల్లో చదివిన ప్రకృతి వర్ణన అందులో వెతికితే కనబడదు. ఆ పిల్లకు ఇంటెడు చాకిరీ ఉంది: కట్టెలు మోయాలి, పసిబిడ్డను ఆడించాలి, చెప్పిన పని మరచి చెట్ల కిందకు పోతే తల్లి చేత దెబ్బలు తినాలి. ఆ పనుల సందుల్లోనే ఆమె అడవికి వెళ్ళివస్తుంది. అందుకే ఆ అడవి చూడ్డానికి వెళ్ళిన చోటులా అనిపించదు, పక్కింటివాళ్ళ వాకిలిలా అనిపిస్తుంది. రంగు పెన్సిళ్ళు కావాలని దేవకన్యలకు ఉత్తరం వ్రాసి, ఒక పాత దుంగ దగ్గర నాచులో దాచి వస్తుంది. కొన్నాళ్ళకు పెన్సిళ్ళు అక్కడే దొరుకుతాయి. బూడిదరంగు టై కట్టుకుని ఎలుకల మీద కూడా దయ చూపే ఒక మనిషి ఆ పేజీల్లో తిరుగుతూ ఉంటాడు. పెన్సిళ్ళు ఎవరు పెట్టారో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది, వ్రాస్తున్న పిల్లకు తెలియదు. పందిని కోసే రోజు వస్తుంది, అది ఆమె ఒడిలో తల పెట్టుకునే పోతుంది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి, వీధిలోకి వెళ్ళి వచ్చాను.

నీకు వెంటనే వచ్చే అనుమానం నాకు తెలుసు. ఆరేళ్ళ పిల్ల ఇదంతా వ్రాసిందా అని అప్పట్లోనే గొడవ లేచింది. పైగా తాను ఫ్రెంచి రాజవంశపు బిడ్డనని ఆమె చెప్పుకోవడంతో నమ్మినవాళ్ళు కూడా వెనక్కు తగ్గారు. ఆ తరువాత ఆమె మన దేశానికి వచ్చి ఉదయపూర్‌లో రాజుగారి అతిథిగా కొంతకాలం ఉంది. 1948 నుంచి లండన్ దగ్గర ఒక మానసిక చికిత్సాలయంలోనే గడిపి, 1992లో కన్నుమూసింది. నా మట్టుకు నేను ఇలా అనుకుంటాను: చినిగిన కాగితాలు అతికేటప్పుడు, దొరకని చోట ఒక మాట తన సొంతానిది చేర్చకుండా ఉండగల చేయి నేను ఏ ప్రెస్సులోనూ చూడలేదు. 22 ఏళ్ళ యువతి తన చిన్నప్పటి ముక్కలు కూర్చుకుంటూ ఎన్ని మాటలు చేర్చిందో ఆమెకే తెలియాలి. కానీ ఆ ఎలుకనూ ఆ కాకినీ మోకాళ్ళ ఎత్తు నుంచి చూసినవాళ్ళే అలా చూడగలరు. ఆ చూపు పెద్దయ్యాక కల్పించుకున్నదంటే నా వృత్తి అనుభవం ఒప్పుకోదు.

ఇప్పుడు మన చిన్నదాని నాలుగో పేజీ తీసి చూడు. మీ పెరట్లో వాన వెలిసాక కనబడిన, అరటిపండు రంగులో ఉండే పెంకు లేని నత్త గురించి వ్రాసింది. దానికి "విజయవాడ తాతయ్య" అని పేరు పెట్టింది. నా నడక చూసినవాళ్ళెవరూ కాదనలేరు కనుక నాకేమీ కోపం లేదు. కింద ఇలా ఉంది: "నత్తకి ఇలు లేదు. అడిగను. ఏడవ లేదు." ఇల్లుకు లావత్తు లేదు, అడిగానుకు దీర్ఘం లేదు, ఏడవలేదు రెండు ముక్కలైంది. మూడు గుర్తులు పెడితే అర నిమిషం పని. గుర్తులు పెట్టబోయి ఆగాను. నత్తను పలకరించి, ఇల్లు లేదని దానికి బాధగా ఉందేమోనని కనుక్కుని వచ్చిన మనిషి వ్రాసిన మూడు వాక్యాలవి.

ఆగడానికి మరో కారణం ఉంది, అది నీకు గుర్తు లేదేమో. నీవు మూడో తరగతిలో ఉండగా మన జామచెట్టు మీది ఉడుత గురించి ఒక నల్లట్ట పుస్తకంలో వ్రాసేదానివి. మొన్న అటక దులిపిస్తుంటే దొరికింది. "ఉడుత జామకాయని చదువుతోంది" అని వ్రాశావు. కాయను రెండు చేతులతో ముఖానికి దగ్గరగా పట్టుకుని తిప్పుతూ ఉంటే నీకు అలాగే కనబడి ఉంటుంది. నేను "చదువుతోంది" కొట్టివేసి, పక్కన గుండ్రంగా "తింటోంది" అని వ్రాశాను. కింద సంతకం కూడా పెట్టాను, ఆఫీసు అలవాటు. ఆ తరువాతి పేజీలో "ఈ రోజు వాతావరణం బాగుంది" అని ఉంది. దాని తరువాత అన్నీ తెల్లకాగితాలే. నీవు ఏడ్చినట్టు గానీ, అలిగినట్టు గానీ నాకు గుర్తు లేదు. అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

కనుక టైపు చేయించవద్దు. పేజీలను ఉన్నవి ఉన్నట్టు మంచి స్కానరు మీద తీయించి పంపు. చిన్నదాని చేతిరాతనే ప్లేటు చేయించి, ఇక్కడ మన పాత మిత్రుడి ఆఫ్‌సెట్ ప్రెస్సులో 20 కాపీలు వేయిస్తాను. బైండింగు దారంతో కుట్టిస్తాను, పిన్నులు కొట్టనివ్వను. వీలైతే సెలవుల్లో దాన్ని కాటేజ్ గ్రోవ్ తీసుకువెళ్ళి ఆ చెట్ల కింద కాసేపు వదిలిపెట్టు. కాకులు కనబడితే వాటి పేర్లు అదే చూసుకుంటుంది.

ఒక్క సందేహం మిగిలింది. 17వ పేజీలో "వానలో పుట్టగొడుగు కా" అన్నంతవరకు స్పష్టంగా ఉంది, తరువాతి అక్షరాల మీద నీళ్ళు పడి అలుక్కుపోయాయి, చివర "చేస్తోంది" అని ఉంది. పుట్టగొడుగు కాపలా చేస్తోందా, కాపురం చేస్తోందా? రెండూ కుదురుతాయి కనుక నేను ఊహించి పూరించను. దాన్నే అడిగి వ్రాయి.

ఇట్లు,
మీ నాన్న