ఆటగాళ్లదే పెత్తనమైతే జీతాలు ఎందుకు ఆగుతున్నాయి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ స్పోర్ట్స్ పేజీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మీద వచ్చిన కథనం చదివాను. డబ్బు ఎక్కువై ఆటగాళ్లకు కళ్లు నెత్తికెక్కాయని, ఇప్పుడు క్లబ్బుల్ని వాళ్లే ఆడిస్తున్నారని రాశారు. మేం బెంగళూరులో కొంతమంది తెలుగువాళ్లం ఆదివారాలు మారతహళ్లిలో టర్ఫ్ మీద ఆడుతుంటాం, ఆట అయ్యాక టిఫిన్ దగ్గర ఇదే గొడవ, సగం మంది మీ మాటే కరెక్ట్ అన్నారు. నాకు మాత్రం అస్సలు మింగుడు పడలేదు.

న్యూకాజిల్ క్లబ్‌కి గోల్స్ కొట్టిన ఇసాక్ సంగతే తీసుకోండి. 2025 వేసవిలో న్యూకాజిల్‌తో ప్రాక్టీస్ మానేసి, వదిలేస్తామని ఇచ్చిన మాట తప్పారని బహిరంగంగా చెప్పి, ట్రాన్స్‌ఫర్ గడువు చివరి రోజున లివర్‌పూల్‌కి వెళ్లిపోయాడు. అలాంటి మాటేదీ ఇవ్వలేదని న్యూకాజిల్ అంది. ప్రాక్టీస్ ఎగ్గొట్టడం నాకూ నచ్చలేదు, టికెట్ కొని వచ్చే అభిమాని ఏం పాపం చేశాడు? కానీ 2022లో సుమారు 6 కోట్ల పౌండ్లకు కొన్న మనిషిని ఆ క్లబ్ 12.5 కోట్లకు అమ్ముకుంది. అంత లాభం కళ్ల చూసినవాళ్లను వదిలేసి దురాశ అనే మాట ఒక్క ఆటగాడికే అంటగడితే ఎలా?

అదే న్యూకాజిల్‌లో 1960లో జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడు ఇలాగే అడ్డం తిరిగాడు. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదని రూలు. కాంట్రాక్ట్ అయిపోయినా క్లబ్ వదిలిపెట్టకపోతే ఇంకో చోట ఆడే వీల్లేదు, జీతమూ రాదు. అతను ఆట మానేసి కార్క్ అమ్మే పనిలో చేరాడు గానీ తగ్గలేదు. చివరికి ఆర్సెనల్‌కి పంపక తప్పలేదు, 1963లో ఆ పద్ధతి అన్యాయమని కోర్టు కూడా తేల్చింది. అయినా 1995లో బెల్జియంకి చెందిన బోస్మన్ యూరప్ కోర్టులో గెలిచేదాకా, కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడి మీద కూడా క్లబ్బులు ఫీజు గుంజుతూనే ఉన్నాయి. ఇప్పుడు మనం పెత్తనం అంటున్నది ఇలా ఒక్కొక్కరూ కోర్టుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న హక్కు.

బెంగళూరులో మాలాంటి ఐటీ వాళ్లం మంచి ఆఫర్ వస్తే పేపర్ పెట్టేస్తాం, నోటీస్ పీరియడ్ పూర్తి చేసి వెళ్లిపోతాం, ఎవరూ ద్రోహి అనరు. ఫుట్‌బాలర్‌కి ఆ దారి లేదు. కాంట్రాక్ట్ మధ్యలో వెళ్లాలంటే మామూలుగా వేరే క్లబ్ డబ్బు కట్టాలి, ఉన్న క్లబ్ సరేననాలి.

తప్పు చేసినవాణ్ణి వెనకేసుకురావడం కాదిది. 2011లో మ్యూనిక్‌లో మాంచెస్టర్ సిటీ ఆటగాడు టెవెజ్ సబ్‌స్టిట్యూట్‌గా దిగనన్నాడని కోచ్ మాన్చినీ మండిపడ్డాడు, ఆ విషయంలో నేను కోచ్ వైపే. జట్టు ఓడిపోతుంటే బెంచ్ మీద కూర్చుంటానంటే కుదరదు.

ఇక నోరున్న కోచ్‌లు. 2023 మార్చిలో సౌతాంప్టన్ మీద 3-1 ఆధిక్యం పోగొట్టుకుని డ్రా చేసుకున్నాక టాటెన్‌హామ్ కోచ్ కాంటె ప్రెస్ మీట్‌లో తన ఆటగాళ్లను స్వార్థపరులన్నాడు, ఇరవై ఏళ్లుగా అదే ఓనర్, ఏమీ గెలవలేదు, ఎందుకని అడిగాడు. ఎనిమిది రోజులకే ఆ క్లబ్ నుంచి వెళ్లిపోయాడు, ఓనర్లు అక్కడే ఉన్నారు. అదే నెలలో మన కంఠీరవ స్టేడియంలో ఇంకోటి జరిగింది, నేను స్టాండ్స్‌లోనే ఉన్నాను. ప్లేఆఫ్ ఎక్స్‌ట్రా టైమ్, 96వ నిమిషం, కేరళ బ్లాస్టర్స్ వాళ్లు ఫ్రీకిక్‌కి అడ్డంగా నిలబడే ఆటగాళ్ల గోడ ఇంకా సర్దుకోనే లేదు, మా బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు సునీల్ ఛెత్రి బంతిని టక్కున లోపలికి కొట్టేశాడు. గోల్ ఇచ్చారు. బ్లాస్టర్స్ కోచ్ వుకొమనోవిచ్ టచ్‌లైన్ దగ్గర నుంచి చేయి ఊపి జట్టు మొత్తాన్ని లోపలికి తీసుకెళ్లిపోయాడు, మాకు చుట్టూ ఏం జరుగుతోందో అర్థం కాలేదు. మైదానం వదిలి వెళ్లడం తప్పే, బెంగళూరు అభిమానిగా కాదు, ఆట అభిమానిగా చెబుతున్నా. దానికి కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం, క్లబ్‌కి 4 కోట్ల రూపాయల జరిమానా పడింది.

మరి భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ తప్పు చేస్తే ఎవరు కడతారు? ఈ క్లబ్బులు ఆడే ఇండియన్ సూపర్ లీగ్‌ని నడిపే కంపెనీతో ఫెడరేషన్ ఒప్పందం 2025 డిసెంబర్‌లో ముగుస్తుందని అందరికీ ముందే తెలుసు, అది పదిహేనేళ్ల ఒప్పందం. సమయానికి తేల్చుకోలేదు, జులైలోనే సీజన్ ఆపేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ మొదటి జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిరవధికంగా ఆపుతున్నామని ప్రకటించింది. ఛెత్రి అంతటివాడు ఉన్న జట్టు అది!

హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి తల్చుకుంటే ఇంకా కడుపు మండుతుంది. 2022 మార్చిలో గోవాలో అదే లీగ్ ఫైనల్ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే మనవాళ్లు ఛాంపియన్లయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు రాక సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధించింది, కుర్రాళ్లతో సీజన్ నెట్టుకొచ్చి ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచారు. ఆ కుర్రాళ్లు మాత్రం చివరిదాకా ఆడారండీ. 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది.

గచ్చిబౌలిలో ఆడిన ఆ ఆటగాళ్ల బాకీలు ఎంతవరకు తీరాయి, ఎవరు తీర్చారు, మీ రిపోర్టర్‌ని పంపి కనుక్కుని అదే స్పోర్ట్స్ పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు