మూలికలే కాదు, చాపలూ బుట్టలూ చెప్పండి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలోని విన్నెబాగో తెగవారి వనమూలికల గురించి వచ్చిన వ్యాసం చదివాను. విశాఖలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి ఇంటిపట్టున ఉంటున్నవాడిని కనుక, శీర్షిక చూడగానే రెండో కాఫీ పెట్టించుకుని మరీ కూర్చున్నాను. తీరా చదివితే పేజీ నిండా దగ్గుకు ఏ ఆకు, కీళ్ల నొప్పులకు ఏ వేరు అన్న వరసే తప్ప, ఆ జనం అడవి మొక్కల్లో వేటిని వండుకునేవారు, వేటి మీద పడుకునేవారు, పసిబిడ్డను ఏ పొత్తిళ్లలో పెట్టేవారు అన్న సంగతి ఒక్క వాక్యంలోనూ లేదు. జబ్బు మనిషికి ఏడాదిలో నాలుగు రోజులు వస్తుంది, ఆకలీ నిద్రా రోజూ వస్తాయి. ఆ రోజువారీ వాడుక గురించే ఈ ఉత్తరం.

ముందు పేరు సంగతి. విన్నెబాగో అన్నది పొరుగు తెగలు తమ భాషలో పెట్టిన పేరు. మురికి నీటి దగ్గరి జనం అన్న అర్థం అందులో ఉంది. తమను తాము వారు హోచంక్ అనుకుంటారు. విస్కాన్సిన్‌లో ఉన్నవారు 1994లో హోచంక్ నేషన్ అన్న పేరును అధికారికంగా తిరిగి తెచ్చుకున్నారు, నెబ్రాస్కాలో ఉన్నవారు విన్నెబాగో తెగగానే కొనసాగుతున్నారు. ఒకే జనం ఇలా రెండు చోట్ల ఉండడానికి కారణం అమెరికా ప్రభుత్వంతో 1837లో జరిగిన ఒప్పందం. దానితో మిసిసిపీ నదికి తూర్పున వారికి మిగిలిన భూమి అంతా పోయింది. ఆ తరవాత వారిని అయోవాకు, మిన్నెసోటాకు, 1863లో డకోటాలోని క్రో క్రీక్‌కు తరలించారు. అక్కడి ఆకలికి తాళలేక కదిలినవారికి 1865లో నెబ్రాస్కాలో నిలువ నీడ దొరికింది. మరికొందరు ఎన్నిసార్లు తరిమినా విస్కాన్సిన్ అడవులకే నడిచి తిరిగివచ్చారు. (ఇంటర్నెట్‌లో ఈ పేరు వెతికితే ముందుగా కనిపించేవి, ఇదే పేరు పెట్టుకున్న ఒక కంపెనీ చేసే ఇల్లులాంటి మోటారు బళ్ల బొమ్మలు. మనుషుల కోసం కాస్త కిందికి వెళ్లాలి.)

ఇక మొక్కల్లోకి వస్తాను. మన ఊరికి దగ్గరలోని కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకు శీతాకాలంలో పక్షులను చూడడానికి వెళ్లేవారికి ఒడ్డున జమ్ము దుబ్బులు కనిపించే ఉంటాయి. గోధుమరంగులో, అగరుబత్తికి కాస్త లావుపాటి అన్నలాగా నిటారుగా నిలబడే ఆ కంకిని ముదిరాక బొటనవేలితో ఒక్కసారి గీరి చూడండి. అంతవరకూ చెక్కలా బిగిసి ఉన్నది ఉబ్బి, విచ్చుకుని, గుప్పెడు కంకిలోంచి దోసిళ్లకొద్దీ నూగు బయటపడి చొక్కాకు, కనుబొమలకు అంటుకుంటుంది. మనకు అది గాలికి పోయే చెత్త. మిస్సోరి నదీ ప్రాంతపు తెగలు మొక్కలను వాడే తీరు మీద 1919లో నివేదిక ప్రచురించిన మెల్విన్ గిల్మోర్ ఈ నూగు గురించి రాసినది చూస్తే, అది ఒక ఇంటి సామానంతటి పని చేసేదని తెలుస్తుంది. మన బూరుగు దూదిలాగా దాన్ని దిండ్లలో కూరేవారు, పసిపిల్లలను కట్టి మోసే చెక్క ఊయలలో మెత్తగా పరిచేవారు, బిడ్డ తొడలు ఒరుసుకుపోకుండా పౌడరులా అద్దేవారు, కాలిన చోట వేసి కట్టు కట్టేవారు. విన్నెబాగో భాషలో ఈ మొక్క పేరుకు గడ్డిమైదానపు కోడి ఈక అని అర్థమని కూడా ఆయన నమోదు చేశాడు. నూగును చేత్తో పట్టుకున్నవాళ్లే ఆ పేరు పెట్టగలరు. అదే జమ్ము ఆకుల్ని వరసగా కుట్టి, ఒకదాని అంచు మీద మరొకటి పడేలా చాపలు చేసి, వంచిన కర్రల చట్రం మీద కప్పితే శీతాకాలపు ఇల్లు తయారయ్యేది. ఆకు లోపల గాలి గదులు ఉంటాయి కనుక చాప చలిని ఆపుతుంది. చట్రం కట్టడానికి బాస్‌వుడ్ అనే చెట్టు లోబెరడు నార వాడేవారు. మేకు అన్న మాట లేని ఇల్లు అది.

అదే ఆవలో పూసే తామర సంగతి మరీ ఆసక్తికరమైనది. మన తామర గులాబీరంగుది, అమెరికాది పసుపుపచ్చనిది. ప్రపంచంలో తామరలు ఈ రెండే జాతులు. పసుపు తామరను విన్నెబాగోలు చెరోప్ అంటారని గిల్మోర్ రాసుకున్నాడు. దుంపలు, గట్టి గింజలు రెండూ వారికి తిండే. దుంపను మాంసంతోనో మొక్కజొన్నతోనో కలిపి వండుకునేవారు. దాన్ని తవ్వే పద్ధతి ఏ శాస్త్ర నివేదికలో కన్నా ఒక హోచంక్ స్త్రీ మాటల్లో బాగా తెలుస్తుంది. 1884లో పుట్టి 1960లో కన్నుమూసిన మౌంటెన్ వుల్ఫ్ వుమన్ తన జీవిత కథను మానవశాస్త్రవేత్త నాన్సీ లూరీకి చెప్పింది. ఆడవాళ్లు నీళ్లలోకి దిగి, బురదలో పాదాలతో తడిమి దుంపను పట్టుకునేవారని ఆమె చెబుతుంది. కళ్లకు కనపడనిదాన్ని కాలివేళ్లతో వెతకడమన్నమాట. నేను తామర కాండం గాలి గొట్టాల అడ్డుకోత బొమ్మను నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు వేసి ఉంటానో లెక్క లేదు. దుంప నీళ్లలో ఎంత లోతున ఉంటుందో, మోకాలి లోతు బురదలో అది పాదానికి ఎలా తగులుతుందో ఏ విద్యార్థికీ చెప్పలేదు, నాకే తెలియదు కనుక.

నీళ్లలోనే పండే మరొక పంట అడవి వరి. పూర్వం మునులు తినేవారని మనం చెప్పుకునే నివ్వరి ధాన్యానికి అది దూరపు చుట్టం. ఇద్దరు చిన్న పడవలో వెళతారు. ఒకరు పడవ నడిపితే రెండోవారు ఒక కర్రతో వెన్నులను పడవ మీదికి వంచి, మరో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, పండనిది వెన్నుకే ఉండిపోతుంది, తప్పిపోయినది నీళ్లలో పడి వచ్చే ఏటికి విత్తనమవుతుంది. తెచ్చిన గింజను వేయించి, కాళ్లతో తొక్కి, చెరిగి నిలువ చేసుకుంటారు. మన ఆవలో తాటి దోనెల మీద తిరిగే జాలరులకు ఈ పని రెండు పూటల్లో వస్తుందని నా నమ్మకం.

మన జిల్లేడు కుటుంబానికే చెందిన పాలమొక్క ఒకటి అక్కడ ఉంది. లేత మొలకలు, విచ్చుకోని మొగ్గల గుత్తులు, పిందెలు వండుకునేవారు. విన్నెబాగోల పొరుగువారైన ఒమాహాలు తెల్లవారు తెచ్చిన క్యాబేజీని మొదటిసారి చూసినప్పుడు దానికి తెల్లవాడి పాలమొక్క అని పేరు పెట్టారట. తెలిసిన కూరతో తెలియని కూరను కొలవడంలో మనమేమీ తక్కువ తినలేదు. బెంగుళూరు వంకాయ అన్న పేరు మనదే. అయితే జిల్లేడును చూసి ఎవరూ పొయ్యి వెలిగించవద్దని మాత్రం గట్టిగా మనవి. ఆ పాలమొక్కకు కూడా ఏ దశలో కోయాలి, ఎలా ఉడికించాలి అన్న తెలివిడి ఉంది, అది తెలియకపోతే అదీ విషమే.

నేలలోపల కాయ కాసే ఒక అడవి చిక్కుడును ఎలుకలు తమ బొరియల్లో పోగు చేసుకుంటాయి. మిస్సోరి తీరపు తెగల స్త్రీలు ఆ నిలువలను వెతికి గింజలు తెచ్చుకునేవారు. వారిలో డకోటా తెగ స్త్రీలు తీసుకున్నదానికి బదులుగా మొక్కజొన్న గింజలు పెట్టి వచ్చేవారని గిల్మోర్ రాశాడు. నెల్లూరు వైపు యానాదులు ఎలుక బొరియలు తవ్వి వడ్లు తెచ్చుకోవడం మనవారికి తెలియనిది కాదు. ఎలుకకు బాకీ తీర్చే ఆచారం మాత్రం నేను ఇక్కడ వినలేదు.

వసంతం మొదట్లో మేపుల్ చెట్టుకు గాటు పెట్టి కారిన నీటిని కాచి చక్కెర చేసుకోవడం అందరికీ తెలిసిన విషయమే కనుక విస్తరించను. సుమారు నలభై పాళ్ల నీరు కాస్తే ఒక పాలు పాకం మిగులుతుందంటే ఎంత కట్టెల ఖర్చో తాటిబెల్లం కాచినవారికి చెప్పనక్కరలేదు.

బుట్టల దగ్గర మాత్రం ఆగాలి. హోచంక్ స్త్రీల బుట్టలు నల్ల యాష్ అనే చెట్టు నుంచి వస్తాయి. వెదురును మేదరులు కత్తితో చీల్చి బద్దలు తీస్తారు. ఇక్కడ కత్తికి పని లేదు. మొద్దును గొడ్డలి వెనకభాగంతో ఒక కొస నుంచి మరో కొసకు కొడుతూ పోతే, ఏటేటా పెరిగిన వలయాలు ఒకదాని నుంచి ఒకటి విడివడి పొడుగాటి పట్టీలుగా లేచివస్తాయి. అంటే ఒక్కో పట్టీ ఆ చెట్టు వయసులో ఒక్కో ఏడాది. భూములు పోయాక దారి పక్కన పర్యాటకులకు ఈ బుట్టలు అమ్మి ఎన్నో కుటుంబాలు బతికాయి. ఇప్పుడు ఆ చెట్టుకే గండం వచ్చింది. ఆసియా నుంచి చేరిన ఒక పచ్చని పెంకు పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి, 2008 నాటికి విస్కాన్సిన్ చేరింది. దాని పిల్లపురుగులు బెరడు కింద తొలుస్తూ చెట్టును ఎండగడతాయి. చెట్టు పోతే బుట్టతో పాటు, మొద్దు మీద దెబ్బ ఎక్కడ ఎంత బలంగా వేయాలో తెలిసిన చెయ్యి కూడా పోతుంది.

మీ వ్యాసకర్త ఇష్టపడ్డ వైద్యం గురించి ఒక్క మాట. హోచంక్‌లలో మందుల విజ్ఞానం అడగగానే చెప్పేది కాదు. తెలిసిన పెద్దలను ఆశ్రయించి, కానుక సమర్పించి, వారు ఇచ్చినప్పుడు పుచ్చుకునేది. అలాంటిదాన్ని ఆదివారం పూట చిట్కాలుగా అచ్చు వేయడం వారి పట్ల మర్యాద కాదు, మోతాదు తెలియని పాఠకుడికి క్షేమమూ కాదు. తిండి, చాప, తాడు, బుట్ట విషయంలో ఆ ఆంక్ష లేదు. అయినా పత్రికల్లో చోటు దొరికేది మందులకే.

ఇవన్నీ అక్షరాల్లోకి ఎక్కడం కూడా అంత సులువుగా జరగలేదు. మిల్వాకీ మ్యూజియంలో పనిచేసిన హ్యూరాన్ స్మిత్ విస్కాన్సిన్‌లోని అనేక తెగల మొక్కల వాడుక మీద పుస్తకాలు అచ్చు వేశాడు గాని, 1933లో ఆయన మరణించేనాటికి హోచంక్‌ల దగ్గర సేకరించినది అచ్చు కాలేదు. అది వెలుగు చూసింది 1998లో. అరవై అయిదేళ్లు కాగితాలు సొరుగులో ఉంటే, ఆ లోపల చెప్పినవాళ్లందరూ వెళ్లిపోయి ఉంటారు. అర్థం కాని మాట ఒకటి కనిపిస్తే అడగడానికి ఎవరున్నారు?

స్మిత్‌ను తప్పు పట్టే అర్హత నాకు లేదు. నా పాఠాల రోజుల్లో విద్యార్థులను ఏటా ఏజెన్సీకి తీసుకువెళ్లి మొక్కలు సేకరింపజేసేవాణ్ణి. ఎండబెట్టి అట్టకు అంటించిన ప్రతి నమూనా కింద శాస్త్రీయ నామం, కుటుంబం, తేదీ, స్థలం తప్పు లేకుండా రాయించేవాణ్ణి. ఉపయోగాలు అన్న గడి ఒకటి ఉండేది. మార్కులు దానికి లేవు కనుక పిల్లలు వదిలేసేవారు, నేనూ పట్టించుకోలేదు. ఆ అట్టలు కొన్ని ఇంకా నా బీరువాలో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆ గడి నిండలేదు.

మీ వ్యాసం చదివిన మర్నాడే ఏదో పని మీద పాడేరు వెళ్లవలసి వచ్చింది. సంతలో అడ్డాకుల కట్టలు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని, వెదురు పుల్ల ముక్కలతో విస్తరి కుడుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, కళ్లు ఆకు వంక కాక కొనేవాళ్ల వంకే చూస్తున్నాయి. నేను జేబులోంచి చిన్న పుస్తకం తీసి అడ్డతీగ ఇంకా దేనికి పనికొస్తుందని అడిగాను. “ఆకు కొంటావా బాబూ, కబుర్లు రాసుకుంటావా?” అంది. రెండు కట్టలు కొన్నాక చెప్పింది. బెరడు నారతో తాడు పేనుతారట, మేకకు కట్టినా, మంచానికి అల్లినా తెగదట. కాయ ఎండలో పేలినప్పుడు తుపాకీ చప్పుడు అవుతుందట. గింజలు నిప్పుల్లో కాల్చుకు తింటే కమ్మగా ఉంటాయట. “ఇవన్నీ మీ సదువుల్లో లేవా?” అని చివర్న అడిగింది, నిజంగానే తెలుసుకోవాలని.

మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక నిర్వహణ కమిటీ ఉండాలి, అక్కడి ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. స్థానిక జీవ వనరులు, వాటికి సంబంధించి జనానికి తెలిసిన విషయాలు అందులో ఎక్కాలి. నేను చూసిన ఒక రిజిస్టరులో మొక్కల పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి, ఎదురుగా వరసగా ఔషధం, ఔషధం, ఔషధం అని రాసి ఉంది. అడ్డతీగకూ అంతే. కడుపు నింపే గింజ, కట్టే తాడు, వడ్డించే ఆకు అక్కడ లేవు.

మిమ్మల్ని కోరేది రెండు విషయాలు. మొదటిది, ఆదివారం అనుబంధంలో వారానికి అర కాలమ్ చోటు. బగత, కొండదొర, గదబ, పోర్జ, కోందు కుటుంబాల వారు తమ ఇంట్లో వాడే ఒక్క మొక్క గురించి, తమ భాషలోని పేరుతో, తమ అంగీకారంతో, ఎప్పుడు కోస్తారు, ఎలా తీస్తారు, దేనితో కలుపుతారు అన్న వివరాలతో చెప్పాలి. మందుల సంగతి వారు చెప్పదలిస్తే తప్ప అడగకూడదు, చెప్పినవారికి పారితోషికం ఇవ్వాలి. రెండవది, రిజిస్టర్లు తయారు చేసే అధికారులు ఆ పనికి విశాఖ నుంచి మాలాంటి మాస్టార్లను ఒక్కరోజుకు పంపే బదులు, ఆ ఊళ్లలో చదువుకున్న ఆడపిల్లలకు అప్పగించాలి. వాళ్ల అమ్మమ్మలు వాళ్లకు చెప్పినంత మాకు చెప్పరు.

నా బీరువాలోని అట్టల్లో అడ్డతీగది బయటికి తీసి, ఉపయోగాల గడిలో పెద్దావిడ మాటలు పెన్సిలుతో రాశాను. స్థలం చాలక గింజల సంగతి వెనకవైపు రాయవలసి వచ్చింది.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం