ఆకుపచ్చ ముక్కోణం సంగతి నీకు చెప్పి తీరాలి

సీతమ్మధార, విశాఖపట్నం
ముక్కనుమ రోజు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరాలకి జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ అందరం కులాసా. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చిన్నదానికి పరీక్షలు దగ్గర పడ్డాయి. బీచ్‌రోడ్డులో మన బజ్జీల బండి మనిషి "పొడుగు బాబు రాలేదేటి?" అని అడిగాడు.  

ఇంక అసలు సంగతి. రెండు రాత్రులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

పండక్కి పద్మనాభం దగ్గర మా చిన్న మావయ్య వాళ్ళూరు వెళ్ళాం. అరెకరం టమాటా వేశాడు. ఈ మంచుకి కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి, లోపల ఉంగరాలు ఉంగరాలుగా. ఆకుమచ్చ తెగులు. మావయ్య మాంకోజెబ్ అనే తెగుళ్ళ మందు ప్యాకెట్టు చింపాడు. లేత పసుపు పొడి, చింపగానే పొగలా లేచింది. లీటరుకి రెండున్నర గ్రాముల లెక్కన 16 లీటర్ల ట్యాంకుకి 40 గ్రాములు పడాలి. ఈయన గుప్పిళ్ళతో బకెట్లో వేసి మోచేతి దాకా ముంచి కలిపేశాడు. మూతికి తువ్వాలైనా కట్టుకోలేదు. కొట్టడం అయ్యాక ట్యాంకూ బకెట్టూ గెడ్డలో, అదే ఊరి వాగులో, కడిగేశాడు. ఆ కాస్త కిందనే పిల్లలు తువ్వాలుతో చేపపిల్లలు పడుతున్నారు! ఇంటికొచ్చి చేతులు నీళ్ళతో తడుపుకొని అరిసె అందుకున్నాడు. గోళ్ళ సందుల్లో పసుపు అలాగే ఉంది.

నేను నోరు తెరిస్తే ప్యాకెట్టు నా ముందుకి తోశాడు. "ముక్కోణం సూడు, ఆకుపచ్చది. ఎర్రదైతే విషం. ఇది కొడితే ఏటవుద్ది?"

రమణా, అక్కడే నా గుండె ఝల్లుమంది. ఆయనొక్కడే కాదు, ఆ ఊళ్ళో అందరూ అదే మాట. ఆ ముక్కోణం చెప్పేది ఒక్కటే: మందు ఒక్కసారిగా లోపలికెళ్తే ప్రాణం మీదికి ఎంత తొందరగా వస్తుంది అని. ఎలుకలకి తాగించి చూస్తారు. కిలో బరువుకి 5000 మిల్లీగ్రాములు దాటితేగానీ సగం చావవు అంటే ఆకుపచ్చ రంగు వేస్తారు. ఏళ్ళ తరబడి ప్రతి పంటకీ ముక్కులోకీ చర్మంలోకీ వెళ్తూ ఉంటే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. గెడ్డలో చేపకేమవుతుందో అసలే చెప్పదు. ఈ మందు నీళ్ళల్లోని ప్రాణులకి చాలా చెడ్డది. "చెరువుల్లో, కాలవల్లో కడగకండి" అని లోపలి కాగితం మీద ఉంటుంది. ఆ అక్షరాలు చీమ తలకాయంత, ఫోన్‌తో పెద్దవి చేసి చదివాను. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదని కూడా అందులోనే ఉంది.

ఇంకోటి విను. మాంకోజెబ్ మట్టిలో, నీళ్ళల్లో తొందరగానే విరిగిపోతుంది. అది మంచిదే అనుకుంటాం. విరిగినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనేది పుడుతుంది. అది థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. కాయ మీద మందు మిగిలి ఉంటే, పొయ్యి మీద ఉడికేటప్పుడు కూడా అదే పుడుతుంది. నయమేమిటంటే మందు కాయ పైనే ఉంటుంది, బాగా రుద్ది కడిగితే చాలా భాగం పోతుంది. మీ ఆవిడకి చెప్పు, తరిగాక కాదు, తరగకముందే కడగాలి.

మా అత్త రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఈ మందు వల్లే అని నేననను, అలా అనడం తప్పు. కానీ ఆ మాత్రల సీసా పక్కనే, వంటింటి గూట్లో, సగం వాడిన ప్యాకెట్టు మడిచి పెట్టి ఉంటే నాకు నోట మాట రాలేదు.

ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులో దీనికి అనుమతి పొడిగించనంది. కడుపులో బిడ్డకి హాని, హార్మోన్లకి హాని అని కారణాలు రాసింది. అదే ఏడు మేలో మన కేంద్రం కూడా 27 మందులు ఆపాలని ముసాయిదా తెచ్చింది, అందులో ఇదీ ఉంది. 2023లో వచ్చిన నిషేధం ఉత్తర్వు మాత్రం దీన్ని పూర్తిగా ఆపలేదు, కొన్ని పంటల మీద వాడొద్దంది అంతే. ఇదంతా మావయ్యకి చెప్పాను. ఆయన అరుగు మీద కూచుని మొత్తం విన్నాడు. విని, "మరి పంట పోతే నువ్విస్తావేటి డబ్బులు?" అన్నాడు.

ఏం చెప్పను? ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. చవక మందు. శిలీంధ్రాన్ని నాలుగు వైపులనించీ కొడుతుంది, అందుకే 1960ల నించీ వాడుతున్నా తెగులు దానికి పెద్దగా అలవాటు పడలేదు. రాగి మందుకి మారమందామంటే రాగి మట్టిలో పేరుకుపోతుంది, ఎటూ పోదు. కింది ఆకులు తుంచెయ్యడం, మొక్కకి కర్ర కట్టి గాలి ఆడనివ్వడం, ఆకు తడవకుండా మొదట్లో నీళ్ళు పెట్టడం, తెగులు శిలీంధ్రాన్ని అణిచే ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రం వాడటం... ఇవన్నీ చెప్పాను. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

ఒప్పుకున్నది అత్త. ప్యాకెట్టు వంటింట్లోంచి తీసి పశువుల పాకలో పైకి కట్టించింది. గెడ్డలో కడగడానికి వీల్లేదంది, కడిగిన నీళ్ళు మళ్ళీ చేను మీదే కొట్టాలిట. ఆవిడ మాటంటే ఆయనకి భయం, నీకు తెలుసుగా, ఆ గొడుగు పెళ్ళి నాటి నించీ!

వచ్చే ఆదివారం చేతి తొడుగులూ, మాస్కులూ, గ్రాముల కాటా పట్టుకుని మళ్ళీ వెళ్తున్నా. మీ బావ వ్యవసాయ శాఖలోనే ఉన్నాడా ఇంకా? ట్రైకోడెర్మా ఇక్కడ నమ్మకంగా ఎక్కడ దొరుకుతుందో, ఎకరానికి ఎంత వెయ్యాలో కనుక్కుని వెంటనే రాయి, ఆదివారంలోపు. ఇంకా ఆ గెడ్డ నీళ్ళు ఎక్కడ కలుస్తాయో కూడా

ఒరే, కింద నీళ్ళ ట్యాంకరొచ్చింది, వాచ్‌మన్ అరుస్తున్నాడు. ఉంటా.

నీ
శీను