ఎండకి కళ్ళు బైర్లు కమ్మిన మా రోబో

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్రా? నువ్వేమో ఎప్పుడు ఫోన్ చేసినా మీటింగ్‌లో ఉన్నానంటావ్, అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు. మొన్న మా బడి పిల్లలు ముగ్గుర్ని రోబో పోటీకి తీసుకెళ్ళా. ఇంట్లో చెప్తే "ఓహో" అని టీవీ వైపు తిరిగారు, నువ్వన్నా పూర్తిగా విను.

మా బళ్ళో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందని చెప్పా కదా, కేంద్రం స్కీమ్, బడికి 20 లక్షల దాకా ఇస్తారు. పోటీ ఏంటంటే లైన్ ఫాలోవర్, తెల్ల ట్రాక్ మీద నల్ల గీత ఉంటది, రోబో దాన్ని చూసుకుంటూ దానంతటదే పోవాలి, రిమోట్ గిమోట్ ఏం ఉండవు. రోజూ చిప్పులతో కుస్తీ పట్టే నీకిది పిల్లకాయల ఆటే అనుకో, మాకు మాత్రం నెల రోజులు నిద్ర లేదు.

మా టీమ్‌లో ఒకడు బైక్ మెకానిక్ గారబ్బాయి, ఎనిమిదో తరగతి, స్క్రూడ్రైవర్ చేతికిస్తే వాడికి అన్నం కూడా గుర్తురాదు. ఇంకోడు చేసేది తక్కువ వాగేది ఎక్కువ, కానీ జడ్జీలకి చెప్పడానికి అలాంటోడు ఒకడుండాలి కదా. మూడోది తొమ్మిదో తరగతి పిల్ల, కోడ్ మొత్తం ఆ పిల్లదే, ముందు రఫ్ నోట్సులో పెన్సిల్‌తో రాసుకుని అప్పుడు కంప్యూటర్లో కొడుతుంది. రెడీమేడ్ కిట్ బిగించడం నాకిష్టం లేదు, అందులో పిల్లలు నేర్చుకునేది స్క్రూలు తిప్పడమే. అందుకని వడ్రంగి పారేసిన ప్లైవుడ్ ముక్క బాడీ, అయిపోయిన రోల్ఆన్ సెంటు సీసా గోళీ ముందు చక్రం. ట్రాక్ కోసం సంక్రాంతికి కట్టిన ఒక నాయకుడి ఫ్లెక్సీ తిరగేసి తెల్ల వైపు కరెంటు టేపు అంటించాం, రోబో మూల తిరిగినప్పుడల్లా మెకానిక్ గారబ్బాయి "సార్, ఇప్పుడు ఆయన మీసం మీదుంది సార్" అనేవాడు!

మొదట 9 వోల్టుల చదరం బ్యాటరీ పెట్టాం, మోటార్లు తిరగ్గానే రోబోకి మెదడు లాంటి ఆర్డుయినో బోర్డు ఆరిపోయి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టేది, దానికంత కరెంటు ఇచ్చే సత్తా ఎక్కడిది. రెండు 18650 సెల్స్, అదే ఛార్జింగ్ పెట్టుకునే లిథియం సెల్స్, పెట్టాక దారికొచ్చింది. ఆ తర్వాత ఎడమ మోటారు కుడిదానికంటే జోరు, ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవే రా! ఆ పిల్ల కోడ్‌లో స్పీడు నంబరు ఎడమకి 150, కుడికి 165 ఇచ్చి సరిచేసింది.

ఇక పోటీ రోజు, గ్రౌండ్‌లో షామియానా, పొద్దున బానే ఉంది గానీ మా నంబర్ వచ్చేసరికి పదకొండయింది, ఎండ జరిగి సగం ట్రాక్ మీద పడింది. మన రోబో నీడలో బుద్ధిగా వెళ్ళి, ఎండలోకి రాగానే వంపు పట్టించుకోకుండా తిన్నగా జడ్జి గారి కాళ్ళ దగ్గరికి పోయింది. నేను వెంటనే కోడ్‌లో తప్పుందమ్మా మార్చు అన్నా. ఆ పిల్ల "నిన్న పనిచేసింది కదా సార్, రాత్రికి రాత్రి కోడెందుకు మారుద్ది" అని రోబోని తీసుకెళ్ళి ఎండలో నల్ల టేపు మీద పెట్టి సెన్సార్ లైటు చూస్తా కూర్చుంది. తెలుపు మీదే వెలగాల్సిన లైటు నలుపు మీదా వెలుగుతోంది. చున్నీ అడ్డం పెట్టింది, ఆరిపోయింది. తీసింది, వెలిగింది. నా వంక చూసింది చూడు... సెన్సార్ చూసేది తెలుపు మీంచి తిరిగొచ్చే ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వెలుతురు, ఎండలో ఉండేదీ బోలెడంత ఇన్‌ఫ్రారెడే, ఏటా ఆ పాఠం బోర్డు మీద గీసి చెప్పేది నేనే, నాకే తట్టలేదు మామా!

వాగుడుకాయ పరిగెత్తి సమోసాల అట్టపెట్టె పట్టుకొచ్చాడు, దాన్ని కోసి నల్ల టేపు చుట్టి సెన్సార్ల చుట్టూ నేలకి తగిలీ తగలనట్టు పావడాలా కట్టారు. రెండో రన్‌లో వంపు దాటింది గానీ అట్ట చక్రానికి పట్టేసి ఆగింది, మూడో రన్‌లో మొత్తం చుట్టేసింది, 52 సెకన్లు. గెలిచినోళ్ళది 19 సెకన్లు రా, గాలిలా పోయింది, బహుమతి సంగతి అడక్కు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మగపిల్లలిద్దరూ నిద్ర, ఆ పిల్ల మాత్రం మేలుకునే ఉంది, గెలిచినోళ్ళని అడిగి తెలుసుకుందట, వాళ్ళది ఐదు సెన్సార్లు, రోబోని గీత మీద నిలబెట్టడానికి పీఐడీ అనే లెక్క వాడారట. "పీఐడీ అంటే ఏంటి సార్" అంది. సోమవారం చెప్తానమ్మా అన్నా. యూట్యూబ్‌లో మూడు వీడియోలు చూశా, పీ వరకు అర్థమైంది, ఐ దగ్గర ఆగిపోయా. ఆదివారం మీటింగులుండవు కదా, పొద్దున్నే చేస్తా, ఎత్తి చావు.