సోల్ ఊడిన బూటు గురించి మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం

తేదీ: ఫిబ్రవరి 28
హైదరాబాద్

కస్టమర్ సర్వీస్ విభాగం ముఖ్య అధికారి గారికి,

నమస్కారం.

జనవరి 13 ఉదయం తొమ్మిదింటికి మీ టోల్ ఫ్రీ నంబరుకు మొదటిసారి ఫోన్ చేశాను. నేటికి 46 రోజులు. ఈ మధ్యలో 19 సార్లు ఫోన్ చేశాను, మూడు మెయిళ్లు పంపాను, నాలుగుసార్లు షోరూమ్ మెట్లెక్కాను. ఇన్ని రోజుల్లో మీ కంపెనీ మనిషి ఒక్కరు కూడా ఆ బూటును చేతిలోకి తీసుకుని చూడలేదు. నా కోపం దాని గురించే. బూటు పాడవడం ఎక్కడైనా జరుగుతుంది, అది నాకూ తెలుసు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్ని. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు చాళుక్యుల గురించీ కాకతీయుల గురించీ పాఠాలు చెబుతున్నాను. వరంగల్ వైపు వెళ్లిన ప్రతిసారీ రైలు కిటికీలోంచి భువనగిరి కొండ చూసేదాన్ని. ఊరి మధ్య నుంచి ఒకే బండగా పైకి లేచిన కొండ అది. దాన్ని చూపిస్తూ మా అమ్మాయికి కథలు చెప్పడమే కానీ ఒక్కసారీ ఎక్కింది లేదు. ఈ డిసెంబరులో మా అమ్మాయే, "అమ్మా, నువ్వు చెప్పడం కాదు, ఎక్కి చూపించు" అంది. యాభై ఒకటో ఏట మొదటి ట్రెక్కింగ్. నెల రోజులు స్కూలు గ్రౌండ్‌లో పొద్దున్నే రౌండ్లు వేశాను. డిసెంబర్ 28న మీ షోరూమ్‌కు వెళ్లి, పెట్టె మీద కొండ బొమ్మ ఉన్న ట్రెక్కింగ్ బూట్లు 4,299 రూపాయలు పెట్టి కొన్నాను. కాళ్లకు అంత డబ్బు ఎప్పుడూ పెట్టలేదు. కౌంటర్ దగ్గర అబ్బాయి, "కొండకు ఇవే కరెక్ట్ మేడమ్" అన్నాడు. 90 రోజుల వారంటీ అని బిల్లు మీద స్టాంపు కూడా వేసి ఇచ్చాడు.

జనవరి 12, ఆదివారం, సంక్రాంతి సెలవులు. నేను, మా అమ్మాయి, మా హిందీ టీచర్ ఏడు గంటలకల్లా కొండ కింద ఉన్నాం. మొదట మెట్లు బాగానే ఉన్నాయి. పెద్ద దర్వాజా దాటాక మలుపులు తిరుగుతూ ఎక్కాలి. పైకి వెళ్లే కొద్దీ ఉత్త బండ, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. ఒకచోట అవి కూడా లేవు. అక్కడ ఆగి కిందికి చూస్తే కాళ్లు వణికాయి. కానీ ఎక్కాను. దారిలో వాన నీళ్లు నిలిచే గుంటలు చూపించి, కోటలో మనుషులు ముట్టడిలో ఎలా బతికేవారో మా అమ్మాయికి చెప్పాను. పైన కోట శిఖరాన ఉన్న బాలాహిసార్ అనే కట్టడం కమానుల కింద కూర్చున్నప్పుడు గాలి ఎంత జోరుగా కొట్టిందో ఇప్పటికీ ఒంటికి గుర్తుంది.

అక్కడ కూర్చునే మా వాళ్లకు పాఠం చెప్పాను. 1076 నుంచి 1126 దాకా పాలించిన కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడికి త్రిభువనమల్ల అనే బిరుదు ఉండేదని, ఆ పేరుమీదే త్రిభువనగిరి, అదే నేటి భువనగిరి అని చెప్పాను. 1709లో సర్వాయి పాపన్న ఇదే కోట మీదికి వచ్చాడని చెప్పాను. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలుపెట్టింది ఈ బండల మీదే అని చెప్పినప్పుడు మా హిందీ టీచర్ లేచి నిలబడి చుట్టూ చూసింది. ఇరవై ఆరేళ్లుగా బోర్డు మీద సుద్దముక్కతో గీసిన కొండ మీద నేనే కూర్చుని ఉన్నాను. ఆ ఒక్క గంట నాకు ఎంత విలువైనదో మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

దిగేటప్పుడు, కమ్మీలు లేని ఆ వాలు బండ మీదే కుడి బూటు సోల్ ముందు వైపు నుంచి ఊడింది. నాలుగడుగులు వేసేసరికి మడమ దాకా వచ్చేసి నాలుకలా వేలాడింది. జారి పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, మోకాలు వాచింది. మా అమ్మాయి పట్టుకోకపోతే ఇంకా కిందికి పోయేదాన్ని. కూర్చుని జరుగుతూ, బండను పట్టుకుంటూ కొంత దూరం దిగాను. అక్కడ మజ్జిగ అమ్ముకునే ఒకామె నన్ను చూసి తన గంప దించి వచ్చింది. "గట్ల నడిస్తే మల్ల పడ్తవ్ అక్కా, కాలు ఇటు పెట్టు" అంటూ నా పాదం తన ఒళ్లో పెట్టుకుంది. గంపకు కట్టుకున్న సుతిలి తాడు విప్పి సోల్‌నూ బూటునూ కలిపి గట్టిగా కట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆమె కట్టిన ఆ తాడుతోనే కిందికి దిగాను. బూటుకు ఆ తాడు ఇప్పటికీ అలాగే ఉంది.

మర్నాడు మీకు ఫోన్ చేశాను. ఇంగ్లిష్‌కు ఒకటి, హిందీకి రెండు నొక్కమంది. తెలుగుకు ఏ అంకే లేదు. హైదరాబాద్‌లో మీ షోరూమ్‌లు ఎన్ని చోట్ల ఉన్నాయి! మా డబ్బు తీసుకునే చోట బోర్డు తెలుగులో ఉంటుంది. మా బాధ చెప్పుకునే చోట మాత్రం మా భాషకు చోటు లేదు. పద్నాలుగు నిమిషాలు పాట విన్నాక ఒకాయన హిందీలో మాట్లాడాడు. తెలుగు వచ్చినవాళ్లకు ఇవ్వమని అడిగాను. "లైన్‌లో ఉండండి" అన్నాడు, లైన్ కట్ అయింది. మళ్లీ చేశాను. ఈసారి ఒకావిడ ఫిర్యాదు నంబరు ఇచ్చి, 48 గంటల్లో ఫోన్ వస్తుందని చెప్పింది. రాలేదు.

16న నేనే చేస్తే ఫొటోలు కావాలన్నారు. బూటు పై భాగం, సోల్, బిల్లు, పెట్టె, నాలుగూ పంపాను. 20న చేస్తే ఫొటోలు అందలేదన్నారు, మళ్లీ పంపాను. 23న చేస్తే సోల్ ఫొటో స్పష్టంగా లేదన్నారు. మా అమ్మాయి బాల్కనీలో ఎండలో పెట్టి తీసింది, అదీ పంపాను. సెలవులయ్యాక ఈ ఫోన్లన్నీ స్కూల్లో మధ్యాహ్నం భోజనం గంటలోనే చేశాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, టిఫిన్ బాక్స్ మూత కూడా తీయకుండా కూర్చున్న రోజులున్నాయి. పదో తరగతి పిల్లలు వచ్చి, "టీచర్, మీ బూటు ఏమైంది?" అని అడిగేవారు. ఏమని చెప్పను?

జనవరి 29 సంగతి మీరు ముఖ్యంగా తెలుసుకోవాలి. ఆ రోజు బూటు సంచిలో వేసుకుని షోరూమ్‌కు వెళ్లాను. మేనేజర్ గారు సంచి తెరవను కూడా లేదు. "మేం అమ్మడం వరకే మేడమ్, మార్చాలా వద్దా అన్నది హెడ్ ఆఫీస్ చూస్తుంది, కస్టమర్ కేర్‌కు చెప్పండి" అన్నారు. అక్కడే నిలబడి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "షోరూమ్ వాళ్లు సిస్టమ్‌లో ఎక్కించాలి మేడమ్, వాళ్లకు చెప్పండి" అన్నారు. ఫోన్ మేనేజర్ గారి చేతికిచ్చి, ఇద్దరూ మీలో మీరే మాట్లాడుకోండి అన్నాను. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన, "మీతో మాట్లాడతారట" అని ఫోన్ తిరిగిచ్చారు. చెవి దగ్గర పెట్టుకునేసరికి లైన్ కట్ అయి ఉంది. ఆ కౌంటర్ ముందు సంచి పట్టుకుని నిలబడ్డాను. కొత్త చెప్పులు కొనడానికి వచ్చినవాళ్లు నా వైపు చూస్తున్నారు. కొండ మీద పడ్డప్పుడు నాకు సిగ్గు వేయలేదు. అక్కడ సిగ్గుతో తల వంచుకున్నాను.

ఫిబ్రవరి 6న మెసేజ్ వచ్చింది. నా ఫిర్యాదు పరిష్కారమైందట, మీ సేవకు నేను మార్కులు వేయాలట. ఏం పరిష్కరించారని అడిగితే, కస్టమర్ స్పందించకపోవడంతో మూసేశామన్నారు. ముందు రోజు 10:40కి ఏదో నంబరు నుంచి ఒక్క మిస్డ్ కాల్ ఉంది. ఆ సమయంలో నేను తొమ్మిదో తరగతి గదిలో ఉన్నాను. తిరిగి చేస్తే ఆ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని వచ్చింది. నేను చేసిన కాల్స్‌లో ఒక్కదానికీ మీ లెక్కలో విలువ లేదు. నేను ఎత్తలేకపోయిన ఒక్క కాల్‌తో నా ఫిర్యాదే మూతపడింది. కొత్త నంబరుతో మళ్లీ మొదటి నుంచి, ఆ నాలుగు ఫొటోల దగ్గర నుంచి మొదలుపెట్టాను.

12న మాట్లాడినాయన, ట్రెక్కింగ్‌కు వాడితే వారంటీ వర్తించదన్నాడు. ఇవి ట్రెక్కింగ్ బూట్లే కదా, పెట్టె మీద కొండ బొమ్మ ఉంది కదా అన్నాను. సూపర్‌వైజర్‌కు ఇచ్చాడు. ఆ పెద్దమనిషి నా వయసు అడిగాడు. చెప్పాను. "మీ నడక తీరు వల్ల ఊడి ఉంటుంది మేడమ్" అన్నాడు. రెండు వారాల కిందట కొన్న బూటు, ఒక్క రోజు కొండెక్కిన బూటు, నా నడక వల్ల ఊడిందా? బూటు చూడని మనిషి, నన్ను చూడని మనిషి, నా నడక ఎప్పుడు చూశాడు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాటకు మీరు క్షమాపణ చెప్పాలి.

మీ వాళ్లందరూ ఒకటే అనను. 19న ఫోన్ ఎత్తిన అమ్మాయికి తెలుగు వచ్చు. నేను విషయం మొదలుపెట్టగానే, "దెబ్బ ఏమైనా తగిలిందా అమ్మా?" అని అడిగింది. అయిదు వారాల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు గొంతు పట్టేసింది. అంతా ఓపికగా విని రాసుకుంది, రేపు తనే ఫోన్ చేస్తానంది. చేయలేదు. చేయనివ్వలేదేమో తెలియదు. ఆ అమ్మాయితో మాట్లాడించమని అడిగితే అదే ఉద్యోగికి కలపడం కుదరదన్నారు. ఈ ఉత్తరం చూసి దయచేసి ఆ అమ్మాయిని ఏమీ అనకండి.

మా నాన్న జీవితమంతా మీ చెప్పులే వేసుకున్నారు. జూన్ వస్తే మా అన్నదమ్ములకూ నాకూ స్కూలు బూట్లు మీ దుకాణంలోనే కొనేవారు. ఒక సైజు పెద్దవి కొని ముందు దూది పెట్టి వేసేవారు, రెండేళ్లు వచ్చేవి. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో నాన్నకు మీ తోలు చెప్పులే కొన్నాను. ఆయన పోయాక కూడా ఆ జత మా ఇంట్లో అలమారాలో ఉంది. మా అమ్మాయి మొదటి బూట్లూ మీవే. మూడు తరాలుగా మీ కంపెనీ పేరు చూసి, ధర కూడా అడగకుండా కొన్న ఇల్లు మాది. అలాంటి ఇంటి మనిషికి ఒక్కసారి సరిగ్గా జవాబు చెప్పడానికి మీకు 46 రోజులు చాలలేదు.

డబ్బు నాకు తిరిగి రావాలి, రావలసిందే. కానీ అంతకంటే ముందు, బాధ్యత గల ఒక మనిషి నాతో తెలుగులో మాట్లాడాలి. ఆ బూటును చేతిలోకి తీసుకుని చూడాలి. ఆ జిగురు ఎందుకు పట్టలేదో నాకు చెప్పాలి. అదే రకం బూట్లు వేసుకుని రేపు ఇంకెవరైనా మొదటిసారి కొండెక్కుతారు. వాళ్ల పక్కన పట్టుకోవడానికి కూతురు ఉండకపోవచ్చు.

నా వారంటీ మార్చి 28తో అయిపోతుంది. ఇలాగే ఇంకో నెల తిప్పితే గడువు అయిపోయిందని చెప్పేయవచ్చు అనుకుంటున్నారేమోనని నాకు అనుమానం. వారంటీ అయిపోయినా నా హక్కు అయిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ల సమయం ఉంది. ఆ పాఠం కూడా నేనే పిల్లలకు చెబుతాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు మా తరగతి గోడ మీద రాసి ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ విలువ కేసుకు ఫీజు కూడా లేదు. మార్చి 10లోగా మీ నుంచి మనిషి రాకపోతే కమిషన్‌కు వెళతాను. మీ ఫిర్యాదు నంబర్లు రెండూ, నా కాల్స్ పట్టిక, మీ మెసేజ్‌లు, అన్నీ ప్రింట్ తీసి ఫైల్ చేసి ఉంచాను. బూటు కూడా తీసుకెళతాను. దాని తాడు విప్పను. ఎవరు కట్టారో, ఎందుకు కట్టాల్సి వచ్చిందో అక్కడ చెబుతాను.

వేసవి సెలవులకు ముందే మా పిల్లలను దేవరకొండ కోటకు తీసుకెళ్లాలని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను, ఒప్పుకున్నారు. నలభై మంది పిల్లలు. ఏ బూట్లు కొనుక్కోవాలో తల్లిదండ్రులు నన్నే అడుగుతున్నారు. వాళ్లకు నేనింకా ఏమీ చెప్పలేదు. మార్చి 10న చెబుతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
సోషల్ స్టడీస్ ఉపాధ్యాయురాలు

జత చేసినవి: బిల్లు నకలు, ఫొటోలు (నాలుగోసారి), కాల్స్ పట్టిక