గుట్ట పేల్చే ముందు గూడుందేమో చూడండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. హైదరాబాదులో ఖాజాగూడ గుట్టల దగ్గర మా అపార్ట్‌మెంట్. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక లింకు పంపి, "నాన్నా, టీవీలో ఆ చర్చలు చూసే బదులు ఇది చూడు" అంది. అక్కడ 367, కాలిన్స్ స్ట్రీట్ అని ఒక ఆఫీసు భవనం. దాని 33వ అంతస్తు అంచున బైరి డేగల జంట కాపురం. కెమెరా పెట్టి లోకమంతటికీ చూపిస్తున్నారు.

గూడంటే పుల్లా పుడకా ఏం లేదు, కంకర పోసిన తొట్టె. ఈ డేగలు గూడు కట్టవు. కొండచరియ మీద కాస్త గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. వాటి కంటికి ఆ భవనమూ కొండే. 1991 నుంచి అక్కడ గుడ్లు పెడుతున్నాయి. విక్టర్ హర్లీ అనే పరిశోధకుడు ఎన్నో ఏళ్లుగా వాటిని కనిపెట్టుకుని ఉన్నారు.

మనకు పొద్దుటి కాఫీ వేళకి అక్కడ మధ్యాహ్నం. ఎండ సూటిగా తొట్టెలో పడేది. తల్లి ఎండకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి నిలబడితే ఆ నీడలో మూడు దూదిపింజలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో దూకి వేటాడే పక్షి! పిల్లకు తినిపించేటప్పుడు మాత్రం గోరంత ముక్క తుంచి, తల పక్కకు వంచి, అది అందుకునేదాకా ఆగేది. చిన్నదానికి వంతు రాకపోతే ఇక్కడ నాకు టెన్షన్. మా ఆవిడైతే పోపు మాడ్చుకుని మరీ చూసింది.

డేగలు మనకు కొత్తేం కాదు లెండి. సాళువమంటే వేటడేగ. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు దానిదే.

అసలు సంగతికి వస్తాను. మా గుట్టలో ఒక బండ కింద పెద్ద గుడ్లగూబల జంట ఉండేది, తల మీద కొమ్ముల్లాంటి ఈకలున్న రకం. అదీ గూడు కట్టదు. ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. డేగలాగే దాదాపు 33 రోజులు పొదుగుతుంది. గుడ్లు పెట్టే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

పోయిన జనవరిలో పక్క ప్లాటులో సెల్లార్ కోసం బ్లాస్టింగ్ మొదలైంది. మా వంటింట్లో గ్లాసులు గలగలలాడేవి. నాలుగో రోజు నుంచి సాయంత్రం కూత వినపడలేదు. వెళ్లి చూస్తే బండ కింద రెండు గుడ్లు, వాటి మీద తెల్లగా రాతిపొడి. ఒక ఆఫీసులో "పర్మిషన్ ఉంది సార్" అన్నారు. ఇంకో ఆఫీసులో "గుడ్లగూబ గురించా?" అని నవ్వారు. మా వాచ్‌మన్ పీడ పోయిందన్నాడు.

సర్క్యులర్లు చదివిన అలవాటు కొద్దీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి చూశాను. అందులో 'వేట' అనే మాటకిచ్చిన అర్థంలో పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి. అంటే ఆ నాలుగు రోజులూ మా పక్క ప్లాటులో జరిగింది వేటే అని నా లెక్క. కాదంటారా?

భవనాలు వద్దని నేననను. నా ఫ్లాటు కింద కూడా ఏదో బండ ఉండే ఉంటుంది, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. నేనడిగేది చిన్నది. గుట్టల పక్కన పేలుళ్లకు అనుమతిచ్చే ముందు మీ సిబ్బంది ఒక సాయంత్రం వెళ్లి చూడాలి. గూడుంటే, పిల్లలు ఎగిరేదాకా ఆ చుట్టుపక్కల బ్లాస్టింగ్ ఆపాలి. మిగతా పని చేసుకోనివ్వండి.

పోయిన వారం మళ్లీ ఒక కూత వినిపించింది. ఒక్కటే. దానికి బదులు వినపడలేదు. నవంబరు రాకముందే మీ వాళ్లను ఒకసారి పంపండి, చీకటి పడే వేళకి. బండ నేను చూపిస్తాను. టార్చిలైటు వద్దు, మంచి బూట్లు వేసుకు రమ్మనండి.

ఇట్లు,
ఖాజాగూడ వాసి ఒకరు